మా దర్వాజకు కట్టిన వేపమండ

మా ఇంట్లో ఎవరికీ అమ్మవారు పోయలేదు. అయినా మా దర్వాజకు వేపమండ కట్టారు. కట్టింది పోలీసులు కాదు, పగవాళ్ళు కాదు, మా వాడవాళ్ళే. ఎండలు ముదరకముందు కట్టి, మొదటి వాన పడేదాకా విప్పలేదు. అది వేలాడినన్నాళ్ళలో మొదటి వారం తప్ప, మా మూడు నెలల బిడ్డకు పాలిచ్చే మనిషి మా గడప తొక్కలేదు.

ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. లేకపోతే కథ సగంలో ఉండగానే ఎవరో ఒకరు "పాపం, ఆ రోజులే అట్లాంటివి" అంటారు. రోజులు ఎవరి దర్వాజకూ మండలు కట్టవు. చేతులు కడతాయి.

పోయిన ఎండాకాలం జనగామలో ఒక ఫంక్షన్ హాలుకు నన్ను పిలిచారు. పాత సంగతులు తెలిసినవాళ్ళలో ఇంకా ఊపిరి పీలుస్తున్నవాణ్ణి కాబట్టి పిలిచారు. నిప్పులు చెరిగే ఎండలో శాలువా కప్పారు. ఒక ఆఫీసరు మైకు పట్టుకుని, "వెనకటి రోజుల్లో ఎండాకాలం వస్తే వాడంతా ఒకే కుటుంబం. ఒకే పందిరి, ఒకే అంబలి కుండ. అందుకే అప్పటివాళ్ళు అంత ఆరోగ్యంగా ఉండేవాళ్ళు" అన్నాడు. ఆయన ఏ ఫ్యాను కింద పుట్టాడో నాకు తెలియదు. జనం చప్పట్లు కొట్టారు. నన్ను మాట్లాడమన్నప్పుడు, "పందిరి నిజమే, కుండ నిజమే, కుటుంబం అబద్ధం" అని చెప్పి కూర్చున్నాను. మళ్ళీ పిలవలేదు. పిలవకపోతే మానె. నాకు రాయడం వచ్చు.

రాయడం నాకు ముప్పయ్యేళ్ళు దాటాక వచ్చింది. బెల్లం చుట్టిన కాగితం, బస్సు నెత్తి మీది ఊరి పేరు, దవాఖాన గోడ మీది రాత, ఇవే నా బడి. పంతులు లేడు కాబట్టి ఎవరి దగ్గరా చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని పడలేదు. నిలబడింది అంతకుముందు, మా వాడలో.

మా ఊరు పాలకుర్తికి ఒక పూట నడక. మా వాడలో పదకొండు ఇళ్ళు. ఎండలు మొదలవగానే ప్రతి ఇల్లూ ఒక గుంజ, రెండు మోపుల తాటికమ్మలు ఇచ్చి వాడ నడుమ పందిరి వేసేది. పొద్దెక్కితే ముసలివాళ్ళు, బాలింతలు, చిన్నపిల్లలు అందరూ ఆ నీడకే చేరేవాళ్ళు. ఆడవాళ్ళు రాయి మీద చింతకాయ పెట్టి ఇంకో రాయితో కొట్టి గింజలు తీసేవాళ్ళు. అందరికీ కలిపి రోజుకొక ఇల్లు జొన్న అంబలి కాచేది. దానికొక నల్లకుండ ఉండేది. సాయంత్రం ఆ కుండను కడిగి ఎవరి గడప మీద బోర్లిస్తే మరునాడు వాళ్ళ వంతు. ఇదీ ఆఫీసరు గారు పొగిడిన కుండ.

వాడ మొగదల రెండు ఇళ్ళున్నాయి, ఎదురెదురుగా. ఒకటి మాది. ఇంకొకటి వాడపెద్దది. ఆయన మా నాయినకు వరుసకు అన్న, నాకు పెద్దబాపు. ఆయన మాట వాడకు శాసనం. ఎందుకయిందో నాకు ఇప్పటికీ తెలియదు. గొంతు పెద్దది, మీసం పెద్దది, బర్రెలు రెండు. అంతకంటే పెద్దరికం నాకేమీ కనబడలేదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. నాయిన లేడు, అవ్వ లేదు. ఇంట్లో నేను, నా భార్య, మా మొదటి బిడ్డ. కాన్పు తర్వాత వచ్చిన జ్వరానికి నా భార్యకు పాలు ఎండిపోయాయి. పెద్దబాపు కోడలు నాకు వదిన. ఆమెకు అయిదు నెలల కొడుకు. రెండు పూటలా పందిరి కింద కొడుకును ఒక పక్క, మా బిడ్డను ఒక పక్క పెట్టుకుని పాలిచ్చేది. "నీ బిడ్డ నా కొడుకు వాటా గుంజుకుంటున్నది మరిదీ, రేపు కోడలిగ వస్తే కట్నం లేకుండ చేసుకుంట పో" అని నవ్వేది. ఆమె మొగుడు సంఘంలో తిరుగుతూ అడవి పట్టాడు. ఆ ఇంట్లో ఆమెకు నవ్వు తప్ప ఇంకేమీ సొంతం లేదు.

దొరల మీద సంఘం తిరగబడిన రోజులవి. ఊరి బయట పోలీసుల క్యాంపు పడింది. వాళ్ళు ఊళ్ళోకి వస్తే ధాన్యం పోయేది, మేకలు పోయేవి, మగవాళ్ళ వీపులు పగిలేవి. ఆ ఎండాకాలం కాలికి తూటా తగిలిన ఒక సంఘం మనిషిని పెద్దబాపు తన ఇంట్లో గాదె వెనక దాచాడు. దాచడం ధైర్యమే. కాదనను. ఆ ధైర్యానికి కాపలా ఎవరిని పెట్టాడన్నదే నా పేచీ.

ఒక పొద్దున పెద్దబాపు వేపమండలు చంకన పెట్టుకుని మా ఇంటి ముందుకు వచ్చాడు.

"అరేయ్, నీ ఇల్లు మొగదల ఉన్నది. దర్వాజకు నాలుగు యాపమండలు కడితే తల్లి పోసిన ఇల్లనుకుంటరు. ఖాకీ గుడ్డలోడు ముక్కు మూసుకొని మర్లిపోతడు."

"మీ ఇల్లు గూడ మొగదలే ఉన్నది గద పెద్దబాపూ?"

"పిచ్చోడా! నా ఇంటికి కడితే, ఏది ఎవరికి పోసిందో చూపియ్యుమని లోపటికొస్తే? లోపట మనిషి ఉన్నడు గదరా!"

నా భార్య లోపల్నుంచి వినబడీ వినబడనట్టు అంది: "మనింట్ల ఉన్నది మనుషులు కారు గావచ్చు."

పెద్దబాపు వినలేదు. వినదలచుకోని మాట ఆయనకు ఏనాడూ వినబడలేదు. "నాలుగు రోజులేరా. మీరు పందిరి కిందికి రావద్దు. చూసినోనికి నిజమనిపియ్యాలె. వాడంత పోపు బంద్ పెడుతం. పాల సంగతి పరేషాన్ గాకు. నా కోడలు దొడ్డిదారిన వచ్చి ఇచ్చిపోతది" అన్నాడు.

అమ్మవారు పోసిన ఇల్లుంటే ఆ చుట్టుపక్కల ఎవరూ పోపు పెట్టరు. నూనె కాగిన వాసన వస్తే తల్లికి కోపమని నమ్మకం. మా అబద్ధం కోసం పదకొండు ఇళ్ళవాళ్ళూ చప్పిడి పప్పు తిన్నారు. మొదటి రెండు రోజులు అది వాళ్ళకు ఆట. పందిరి కింద నుంచి కేకలు వేసేవాళ్ళు. "ఏమిరా, మీ తల్లికి పప్పుల ఉప్పు సరిపోయిందా?" అని ఒకడు, "జర తొందరగ తోలెయ్యిరా, ఎల్లిపాయ మొఖం చూసి రెండు రోజులాయె" అని ఇంకొకడు. నేనూ నవ్వాను. వదిన దొడ్డి కంచె కింద నుంచి దూరి వచ్చి, "మీ తల్లి లేచిందా మరిదీ? నాకు దండం పెట్టబుద్ధయితలేదు, ఆకలితోని వచ్చిన" అనేది. నా భార్య దగ్గర ఏమున్నా ఆమెకు పెట్టేది. బిడ్డ కడుపు నిండేది.

మూడో రోజు మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. పెద్దబాపు ఎదురు పోయి, నడుము రెండుగా వంచి, "హుజూర్, చేచక్, హుజూర్" అన్నాడు. మశూచికి వాళ్ళు చెప్పుకునే మాట అది. జమేదారు మా దర్వాజను చూసి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నేను గడపలో నెత్తిన గుడ్డ వేసుకుని కూర్చున్నాను. అలా కూర్చోమని నేర్పారు. జమేదారు మా వాడ వదిలి పక్క వాడలోకి పోయాడు. ఆ రోజు పక్క వాడలో ఎవరి వీపులు పగిలాయో మా వాడలో ఎవరూ అడగలేదు. పందిరి కింద మాత్రం, తానెంత వంగాడో, ఎట్లా వణికినట్టు నటించాడో పెద్దబాపు చేసి చూపించాడు. జనం పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వారు.

మరి నాలుగు రోజులకు కాలికి దెబ్బ తగిలిన మనిషిని ఎడ్లబండిలో కట్టెల కింద పెట్టి దాటించారు. ఇక మండతో పని లేదు. తెల్లారి విప్పుదామనుకున్నాం. ఆ తెల్లారే వదిన కొడుకు మెడ మీద, వీపు మీద ఎర్రగా పొక్కాయి.

చెమటకాయలు. ఎండాకాలంలో ప్రతి పిల్లవాడికీ వచ్చేవే. కానీ పెద్దబాపు భార్య, మా పెద్దమ్మ, నడి వాడలో నిలబడి గుండె బాదుకుంది.

"ఉత్తుత్తగ పిలిస్తే రాదనుకున్నరా? మండ కట్టుడంటే పీట ఏసుడేనాయె! పీట ఏస్తిరి, తల్లి వచ్చి కూసున్నది. నా కోడలు పోయి ఆ ఇంట్ల పాలిచ్చి, కొంగున పట్టుకొని మా ఇంటికి తెచ్చె!"

"పెద్దమ్మా, గవి సెమటకాయలు. ఎండకు అందరికీ అయితయి" అన్నాను గడపలోంచి.

"నోరు ముయ్యిరా! తల్లిని పట్టుకొని సెమటకాయ అంటవా?"

పందిరి కింద ఎవరూ నవ్వలేదు. నిన్నటిదాకా మా తల్లికి ఉప్పు సరిపోయిందా అని అడిగిన నోళ్ళే అవి. అందరూ కలిసి అల్లిన అబద్ధం, అందరికీ తెలిసిన అబద్ధం, ఒక పిల్లవాడి మెడ మీది పొక్కులతో నిజమైపోయింది. దొంగసొమ్మును చూసి దొంగలే దండం పెట్టినట్టు. అజ్ఞానాన్ని నేను తప్పు పట్టను, నాకూ ఉండేది. కానీ ఇది అజ్ఞానం కూడా కాదు. మండ ఎవరు తెచ్చారో, ఏ చెట్టు విరిచారో, ఎందుకు కట్టారో తెలిసి కూడా, దాన్ని చూసి భయపడటానికి ఏ మాట ఉందో నాకు దొరకలేదు. ఇన్ని కాగితాలు చదివాను, ఇప్పటికీ దొరకలేదు.

పెద్దబాపు దగ్గరికి పోయాను. దగ్గరికి అంటే, పందిరి ఇవతలి దాకా. అక్కడే ఆగమని చెయ్యి చూపాడు.

"పెద్దబాపూ, మండ కట్టింది నువ్వే గద. నువ్వన్న చెప్పు."

"కట్టింది నేనేరా. వచ్చింది రాలేదు ఎవడు చూసిండు? వచ్చే ఉండచ్చు."

"మరి ఇప్పేస్త."

"ఎట్ల ఇప్పుతవ్? తల్లిని ఊకెనే తోలెయ్యరాదు. నీళ్ళు పోసి, బోనమెత్తి, డప్పు కొట్టుకుంట పొలిమేర దాటియ్యాలె. డప్పు కొడితే క్యాంపోళ్ళు కాలుస్తరు. ఇటు తుపాకి, అటు తల్లి. నడుమ నన్నేం జెయ్యమంటవ్?"

అది నిజమే. సంఘం డప్పుతోనే జనాన్ని పోగు చేస్తుందని క్యాంపు వాళ్ళు డప్పు ముట్టవద్దని హుకుం వేశారు. కాబట్టి లేని అమ్మవారిని పంపడానికి వీలు లేని డప్పు కోసం మేము కాచుకుని కూర్చున్నాం. మండ ఎండిపోతే పెద్దబాపు కర్ర చివర కొత్తది తగిలించి, ముట్టకుండా మా దర్వాజకు వేలాడదీసిపోయేవాడు. ఆ శ్రద్ధ చూడాలి! మా ఇంటి కప్పుకు రెండు కమ్మలు తక్కువైతే ఏనాడూ తెచ్చి ఇవ్వని మనిషి, మండ మాత్రం ఎండనివ్వలేదు.

నన్ను ఎవరూ పనికి పిలవలేదు. మంచినీళ్ళు ఎవరో ఒకరు కుండలో తెచ్చి దూరాన పెట్టి పోయేవాళ్ళు. మా వంతు వచ్చిన సాయంత్రం నల్లకుండ పదకొండో ఇంటి నుంచి మమ్మల్ని దాటి రెండో ఇంటి గడపకు పోయేది. మా గడప ముందుకు వచ్చినప్పుడు దాన్ని మోసే మనిషి నడక కొంచెం తొందర అయ్యేది.

వదిన రాలేదు. పెద్దమ్మ రానివ్వలేదు. దొడ్డి కంచె కింద సందును ముళ్ళకంపతో మూశారు. పొద్దున పొద్దున వదిన తమ దర్వాజలో నిలబడి మా వైపు చూసేది. మాట లేదు, సైగ లేదు. చూసి చూసి లోపలికి పోయేది. తమాషా చూస్తున్నదనుకున్నాను. ఆమె మీద నాకు కలిగిన అసహ్యం ఇంకెవరి మీదా కలగలేదు. మిగతావాళ్ళు అంబలి మానిపించారు. ఈమె దగ్గర ఉన్నది బిడ్డ ప్రాణం.

పెద్దబాపు ఇంటి బర్రెపాలు ఒక గ్లాసు వాడ మధ్యలో పెట్టి పోయేవాళ్ళు. నీళ్ళు కలిపి పడితే బిడ్డ కక్కేది. మేకపాలు పడదామంటే క్యాంపు వాళ్ళు ఊళ్ళో మేకను మిగల్చలేదు. అంబలి తేట వేలితో నాకించాం. చక్కెర నీళ్ళు గుడ్డపేలికతో పిండాం. ఏడుపు సన్నబడింది.

ఒకరోజు నా భార్య దర్వాజ కింద రోలు బోర్లించి ఎక్కింది. "డప్పు లేకుండనే పోతదిలే, నేను ఇప్పుతున్న" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని దించాను. తల్లితో పరాచికాలు వద్దన్నాను. పెద్దబాపును ఇంకోసారి అడుగుతానన్నాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు.

ఆమె నా వైపు చూసి, "అడుగు. అడిగి రా" అంది. అంతే.

బిడ్డ పోయింది ఒక మిట్టమధ్యాహ్నం. పందిరి కింద ఆడవాళ్ళు చింతకాయ కొడుతున్నారు. నా భార్య నోటి నుంచి వచ్చిన అరుపుకు రాళ్ళ చప్పుడు ఆగింది. ఇప్పుడన్నా ఎవరో ఒకరు వస్తారనుకున్నాను. కాసేపటికి రాళ్ళ చప్పుడు మళ్ళీ మొదలైంది. బిడ్డను గుడ్డలో చుట్టి నేనొక్కణ్ణే తీసుకుపోయి పూడ్చి వచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు పెద్దమ్మ గొంతు వినబడింది: "నేను చెప్పలే? తల్లి తీసుకపోయింది." వాళ్ళ నమ్మకానికి మా బిడ్డ సాక్ష్యం అయింది. చెమటకాయల పిల్లవాడు అప్పటికి ఇసుకలో పాకుతున్నాడు.

మొదటి వాన గాలితో వచ్చింది. పందిరి కమ్మలు లేచిపోయాయి. మా దర్వాజ మండ తెగి గడప మీద పడింది. నీళ్ళు పోయలేదు, బోనం ఎత్తలేదు, డప్పు మోగలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్ళు దాన్ని చూశారు, ఏమీ కాకపోవడం కూడా చూశారు. మరునాడు పందిరి మళ్ళీ నిలబెట్టారు. ఆ సాయంత్రం మా గడప మీద నల్లకుండ బోర్లించి ఉంది. మా వంతు. మా బిడ్డ పోయాక మా గుమ్మం దాకా వచ్చిన మొదటి పలకరింపు అది. నా భార్య దాన్ని రెండు చేతులతో తీసుకుపోయి పందిరి నడిమధ్యలో పగలగొట్టింది. "కుండకు ఏం తెలుసు, పాపం!" అన్నాడు పెద్దబాపు.

ఆ వానాకాలమే మేము గార్ల వైపు పోయాం. కూలి చేశాం. అక్కడ మరి ముగ్గురు పిల్లలు పుట్టారు, బతికారు. నా భార్య ఆ తర్వాత ఏ పందిరి కిందా కూర్చోలేదు. సొంత పిల్లల పెళ్ళిళ్ళలోనూ పందిరి అంచున ఎండలో నిలబడే అక్షింతలు వేసింది. అడిగినవాళ్ళకు ఉక్క పోస్తున్నదని చెప్పింది.

నేను మాత్రం అడగడం మానలేదు. పోలీసులూ క్యాంపులూ పోయాక ఆ ఊరికి పోయినప్పుడల్లా ఒక్కటే ప్రశ్న: పని అయిపోయాక మండ ఎందుకు విప్పలేదు? పెద్దబాపు, "ఈ యేడు వానలెట్లున్నయిరా మీ దిక్కు?" అన్నాడు. మంచాన పడ్డాక పోయి అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పెద్దమ్మ, "తల్లి రాత" అంది. చింతకాయ కొట్టిన ఆడవాళ్ళు ఒకరి పేరు ఒకరు చెప్పారు. ఒకాయన అయితే, "మండ వల్లనే గద ఆనాడు మన వాడ బతికింది" అని నాకే గుర్తు చేశాడు. ఆ వాడలోనే మేమూ ఉండేవాళ్ళమన్నది ఆయనకు గుర్తు లేదు.

దవాఖాన గోడల మీద రాసింది కూడబలుక్కుని చదవడం వచ్చాక, మశూచికీ తల్లికీ సంబంధం లేదని తెలిసింది. చెమటకాయలకు లేదని తెలియడానికి గోడ అక్కర్లేదు.

చివరికి జవాబు మానుకోట దవాఖానలో దొరికింది. నా భార్య అప్పటికి పోయి రెండేళ్ళు. కళ్ళు చూపించుకునేవాళ్ళ వరసలో నా ముందు కూర్చున్న ముసలామె తన చీటీ చదివి పెట్టమని ఇచ్చింది. చదివాను. ఆమె నా ముఖం వైపు కాకుండా గొంతు వైపు తల తిప్పింది. "మరిదివేనా?" అంది. వదిన. ఆమె కండ్లకు పొర కమ్మింది. ఆమె కొడుకు, మా బిడ్డ వాటా కూడా తాగినవాడు, అవతల మందులు తేవడానికి పోయాడట.

ఇక్కడ కూడా అడగాలా అని నేను ఆలోచించలేదు. నలభై యేళ్ళకు పైగా నోట్లో నానిన ప్రశ్న. వాళ్ళ ఇంటి నుంచి మా దర్వాజకు పది అడుగులు కూడా లేవు, రోజూ నిలబడి చూశావు, ఎవరూ విప్పకపోతే నువ్వన్నా ఎందుకు విప్పలేదని అడిగాను. పక్కన కూర్చున్నవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా అడిగాను.

ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. ఆ జవాబును ఒక్క మాట మార్చకుండా ఇక్కడ రాస్తున్నాను.

"నేను పొద్దుగాల లేచి నిలబడి చూసింది దానికే మరిదీ, ఇయ్యాలన్న ఇప్పినవా అని. పాలతోని నా రైక తడిసి ముద్దయ్యేది. గోడకు పిండి పారబోసిన. నువ్వు ఇప్పి పారేసినవంటే మా అత్త జుట్టు పట్టి గుంజినా ఉరికొద్దునని కాలు గడప మీదనే పెట్టుకొని ఉన్న. కట్టినోళ్ళు మావోళ్ళే, కాదంటలేను. గని ఇల్లు నీది, బిడ్డ నీది. ఇప్పుతనన్న పిల్లను చెయ్యి వట్టి దించింది నువ్వేనాయె. గది గూడ చూసిన. నువ్వెందుకు ఇప్పలేదు?"